కొండ కేకను ఎందుకు తిరిగిస్తుంది?

ఒకప్పుడు సముద్రానికి నోరు లేదు. చెరువు నీళ్లలాగా కదలకుండా మెదలకుండా పడుకునేది. అప్పట్లో ఒడ్డున ఉండే మనుషులైనా, కొండమీద ఉండే మనుషులైనా ఒకటే తీరు. అందరూ గుసగుసగానే మాట్లాడుకునేవాళ్లు.

ఒకరోజు గాలికి ఏమీ తోచక సముద్రానికి చక్కిలిగింతలు పెట్టింది. సముద్రం పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇక ఆగితేనా!

ఒడ్డున నూకాలు అనే అమ్మాయికి చిక్కొచ్చిపడింది. తెప్పమీదున్న నాన్నను గంజి తాగడానికి రమ్మంటే ఆయనకు వినపడలేదు. రెండుసార్లు పిలిచి, మూడోసారి గొంతు చించుకుని అరిచింది. అప్పుడు విన్నాడు. నెల తిరిగేసరికి పేటంతా అరుపులే. అంత గొంతుతో మనసులో మాట ఎక్కడ దాగుతుంది? ఉన్నది ఉన్నట్టు అనేయడం, పోట్లాడుకోవడం, కూర ఉడికేలోపు మరిచిపోవడం కూడా వాళ్లకు అలవాటైపోయాయి.

నూకాలుకి కొండమీద బుద్రి అని ఒక స్నేహితురాలుంది. చిన్నప్పుడే సంతలో ఎండుచేపలూ తేనే ఇచ్చిపుచ్చుకుని, పెద్దల ముందు నేస్తం కట్టారు. అలా నేస్తం కట్టినవాళ్లు సొంత అక్కచెల్లెళ్లకన్నా ఎక్కువ. పేర్లతో పిలుచుకోరు. 'నేస్తం' అనే పిలుచుకుంటారు. చచ్చేదాకా విడిపోకూడదు.

ఏడాది తర్వాత నూకాలు ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. దూరంగా బుద్రి కనిపించగానే ప్రాణం లేచొచ్చింది.

"ఓ నేస్తం! నానే! వచ్చీసినాను!"

చరియకు వేలాడే తేనెపట్టు గుప్పున లేచింది. "ఎవరే ఆ గయ్యాళి?" అని తేనెటీగలు గయ్యిమన్నాయి. తేనె తీయడానికి తీగల నిచ్చెన మీదున్న బుద్రి అన్నయ్య సర్రున జారి కిందపడ్డాడు. మొహమంతా బూరెలా వాచింది.

బుద్రి పెదవిమీద వేలు పెట్టింది. అన్నకు పసరు రాస్తూ కూర్చుంది. ఒక్క మాటైనా ఆడలేదు.

నూకాలుకి ఏడుపొచ్చింది. బుట్ట అక్కడే పడేసి గబగబా దిగిపోతూ కొండతో అంది: "సూసినావా? ఇంత దూరం వస్తే పలకను కూడా పలకలేదు. ఇక దానికీ నాకూ నేస్తం లేదు!"

"తొందరపడకు. నీ కేక ఇంకా నా దగ్గరే ఉంది. విను," అంది కొండ.

"ఓ నేస్తం! నానే! వచ్చీసినాను!" అని కొండంతా మోగింది.

నూకాలు ఉలిక్కిపడింది. "ఓలమ్మ! ఎవురది, నామీద పడి అరుస్తంది?"

"నువ్వే."

"నానా? నాను సంబరంతో కదా పిలిసినాను!"

"సంబరం నీ లోపలుంది. బయటికొచ్చింది అరుపే. బుద్రి సంబరం కూడా లోపలే ఉంది. తేనెటీగల పక్కన బతికే పిల్ల నోరెలా తెరుస్తుంది?"

నూకాలు సిగ్గుపడింది. మునివేళ్లమీద వెనక్కి నడిచి, బుద్రి పక్కన కూర్చుని, చెవిలో మెల్లగా అంది: "నేస్తం."

బుద్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. తేనె నింపిన సొరకాయ బుర్ర తెచ్చి చేతిలో పెట్టింది. "నీకోసమే ఏడాదిగా దాచాను. కోపంతో వచ్చావనుకుని భయపడ్డాను," అంది గుసగుసగా.

తర్వాతి సంత రోజున బుద్రి తనే ఒడ్డుకు దిగింది. నూకాలు తెప్ప దగ్గర వల సర్దుకుంటోంది. బుద్రి మెల్లగా పిలిచింది. సముద్రం ఆ మాటను మింగేసింది. మళ్లీ పిలిచింది. అదీ మింగేసింది. అప్పుడు బుద్రి కళ్లు గట్టిగా మూసుకుని, గుండెనిండా గాలి పీల్చి అరిచింది.

"నేస్తం!"

పుట్టాక అదే ఆమె మొదటి కేక. నూకాలు వల అక్కడే వదిలేసి, ఇసుకలో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చింది.

అందుకే ఒడ్డువాళ్లు ప్రేమతో పిలిచినా కేకేస్తారు, కొండవాళ్లు ప్రేమ పొంగినా మెల్లగానే పలుకుతారు. ఒకరినొకరు తప్పుగా అనుకోకుండా, కొండ ఈనాటికీ ఎవరి కేకను వాళ్లకే తిరిగి వినిపిస్తోంది.