ఓబులమ్మ అవ్వ నేర్చుకున్న పాట

చౌడేశ్వరి తంబూర తెచ్చి గురువు ముందు పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉండనీ అవ్వా. నేనింక పాడలేను."

ప్రొద్దుటూరు నేతగాళ్ల వీధిలో తత్వాలు పాడే మందిరం అది. ఓబులమ్మ అవ్వ అక్కడి గురువు. ఎనభై దాటాయి. చౌడేశ్వరి ఇరవై ఏళ్లుగా ఆమె శిష్యురాలు. చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా చౌడేశ్వరి గొంతు ఉండాల్సిందే.

నాలుగు నెలల కిందట చౌడేశ్వరి ఇంట్లోనే చావు జరిగింది. కూతురు హారికకు పందొమ్మిదేళ్లు. డెంగీ జ్వరం. నాలుగు రోజుల్లో అయిపోయింది.

"గొంతు పోయిందా?" అంది అవ్వ.

"గొంతుకేం కాలేదు. నోరు తెరిస్తే ఆ రోజు గుర్తొస్తాది."

ఏ రోజని అవ్వ అడగలేదు. ఆమె కూడా అక్కడే ఉంది. శవాన్ని ఎత్తేదాకా పక్కన కూర్చుని తత్వాలు పాడింది వాళ్లిద్దరే. దేహం పచ్చికుండ అని, ఊపిరి అద్దెకొంప అని. కన్నతల్లే పాడుతుంటే వీధి వీధంతా మెచ్చుకుంది. ఎంత గుండె దిటవు ఈమెకు, అన్నారు.

"అప్పుడు రుబీనా వచ్చింది, హారికతో చదివిన పిల్ల. చేతిలో ఫోన్ ఉంది. 'దానికి ఇష్టమైన పాట ఒక్కటి పెట్టనా ఆంటీ' అనింది. శవం కాడ ఆ కూతలేంది, పో అవతలికి అన్నాను."

చౌడేశ్వరి తంబూరను ఇంకాస్త అవతలికి జరిపింది.

"ర్యాప్ అంటారంట. గబగబా మాట్లాడతారు, అంతే. ఇంట్లో హారిక పెడితే ఆపించేదాన్ని. 'ఒక్కసారి వినమ్మా' అనేది. ఒక్కటీ వినలేదు. నేను చేసింది తప్పు కాదని చెప్పు అవ్వా."

అవ్వ లేచి చెప్పులు వేసుకుంది.

"ఆ పిల్ల ఇల్లు యాడ?"

రెండు వీధుల అవతల. తలుపు తీసిన రుబీనా, చౌడేశ్వరిని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. అవ్వ లోపలికి వెళ్లి చాప మీద చతికిలబడింది.

"హారిక పాట ఒకటి నేర్పిస్తావా తల్లీ?"

"ఎవరికి?"

"నాకే."

రుబీనా చౌడేశ్వరి మొహంలోకి చూసింది.

"కాలేజీ బస్సులో నేను దానికి ఖవ్వాలీలు వినిపించేదాన్ని. అది నాకు ర్యాప్ వినిపించేది. మీ తత్వాలు కూడా, ఆంటీ. మీరు పాడుతుంటే తలుపు చాటున రికార్డు చేసేది."

చౌడేశ్వరి గోడకు ఆనుకుంది.

తత్వాల మందిరంలో ఒక కట్టుబాటు ఉంది. పాట నేర్పే వాళ్లకు, వయసుతో పనిలేకుండా, ముందు కాళ్లకు మొక్కాలి. అవ్వ ముందుకు వంగి రుబీనా పాదాలు ముట్టుకుంది.

"అయ్యో, వద్దవ్వా! నాకు పాపం చుట్టుకుంటాది!"

"ఊరుకోమ్మే. ఇంత లావు ముసిల్ది వంగింది, ఆ కష్టం వృథా కానీకు. చెప్పు."

రుబీనా ఒక వరస చెప్పింది. అవ్వ అందుకుంది. సగంలోనే రొప్పు వచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాట నాలుక తిరగలేదు. తాళం వేయబోతే పాట ముందుకెళ్లిపోయి చేయి వెనకబడింది.

రుబీనాకు నవ్వొచ్చింది. "అక్కడ ఊపిరి తీసుకోకూడదవ్వా. హారిక కూడా అక్కడే తప్పేది."

"అది పాడేదా?" అంది చౌడేశ్వరి.

"రోజూ. బస్సంతా చప్పట్లు కొట్టేది."

చౌడేశ్వరికి ఆ సంగతి తెలీదు.

గంట గడిచింది. ఒక్క చరణం కూడా పూర్తి కాలేదు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడు నేర్చుకుంటే అది వింటాదా అవ్వా?" అంది చౌడేశ్వరి.

"వినదు."

బయట ఎక్కడో మగ్గం ఆడుతోంది.

"మరి ఎందుకు?" అంది చౌడేశ్వరి.

అవ్వ పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది.

"దాని పాట నాకింకా రాలేదు" అంది. "నీకూ రాదు. కూచో."