వాగు అవతలి మెరుపు

అనగనగా ఒక అడవి. అడవి నడుమ, అవతలి ఒడ్డు మసగ్గా కనబడేంత వెడల్పాటి ఇసుక వాగు. పొద్దున్నే మంచు దిగితే వాగూ చెట్లూ కలిసి ఒకే కల కంటున్నట్టు ఉండేవి.

వాగు ఇవతలి ఒడ్డున గౌరాంబ అనే ఏదుపంది ఉండేది. ఆమె కూతురు మంజికి వాగు అవతల సంబంధం కుదిరింది. ఏదుపందుల్లో ఒక ఆచారం ఉంది. అత్తవారింటికి వెళ్లే కూతురి ముందుకాలికి తల్లి రాయి పొదిగిన కడియం తొడుగుతుంది. కూతురు రోజూ ఒడ్డుకు వచ్చి కాలు ఎత్తుతుంది. రాయి ఎండకు మెరిస్తే పిల్ల క్షేమమని తల్లికి తెలుస్తుంది. బదులుగా తల్లి తన ముళ్లు గలగలలాడిస్తుంది.

కడియాలు చేసే తాబేలు తాత రెండు రాళ్లు చూపించాడు. ఒకటి చంద్రకాంతం. దాని లోపల వెన్నెల కదులుతోంది. రెండోది ముదురు ఎరుపు కెంపు. తాత రెండింటి మీదా చిటికెడు ఇసుక వేసి రుద్దాడు. కెంపు చెక్కుచెదరలేదు. చంద్రకాంతం మీద వెంట్రుకంత గీత పడింది.

"ఇంత సన్నని గీత ఎవరికి కనబడుతుంది తాతా? పెళ్లికూతురికి ఇదే అందం," అంది గౌరాంబ.

"మీరు ఇసుకలో దుంపలు తవ్వుకుని బతికేవాళ్లు. పెళ్లికూతురని ఇసుక మొహమాటపడదమ్మా," అన్నాడు తాత.

గౌరాంబ వినలేదు. చంద్రకాంతం పొదిగిన కడియమే తొడిగి మంజిని అత్తవారింటికి పంపింది.

ఎండాకాలమంతా అవతలి ఒడ్డున వెన్నెల ముక్క మెరిసింది. వానాకాలానికి పలచబడింది. చలికాలం వచ్చేసరికి ఏమీ కనబడలేదు. గౌరాంబ మూడు రోజులు కళ్లు చికిలించి చూసింది. నాలుగో రోజు భయం ఆపుకోలేక, ఎన్నడూ దిగని వాగులోకి దిగి ఈదింది.

అవతల మంజి కాలు ఎత్తుకునే నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. కడియంలో రాయి నిండా గీతలే. ముసలి కన్నులా మసకబారింది.

"రోజూ ఎత్తుతూనే ఉన్నానమ్మా," అంది మంజి. "నీ ముళ్ల చప్పుడే ఆగిపోయింది. నన్ను మరిచిపోయావనుకున్నాను."

గౌరాంబ కూతురి కాలు దగ్గరికి తీసుకుని ఆ గీతలు తడిమింది. ఇద్దరూ తాత దగ్గరికి వెళ్లారు. ఆయన దెప్పలేదు. చంద్రకాంతాన్ని సానపట్టి, పండగల్లో పెట్టుకోమని మంజి చెవికి అమర్చాడు. కడియంలో కెంపు పొదిగాడు.

మర్నాడు మంచు విడుతుండగా అవతలి ఒడ్డున ఎర్రటి చుక్క ఒకటి మెరిసింది. ఇవతల ముళ్లు చాలాసేపు గలగలలాడాయి.

నీతి: రోజూ వాడే వస్తువుకు అందం కన్నా ముందు గట్టిదనం చూసుకోవాలి.