ఒరలేని ఆర్నెల్లు

సుంకన్న ఆర్నెల్ల నుంచి కత్తి ఒరలో పెట్టలేదు. పెట్టకూడదు. అదే వాడి బాధంతా.

పీరా ఉస్తాద్ సాము నేర్పే తాలింఖానాలో ఒక పద్ధతి ఉండేది. కత్తిసాము మొత్తం నేర్చుకున్నవాడికి ఉస్తాద్ ఒక కత్తి ఇస్తాడు. దానికి చంటిపిల్లకి చేసినట్టే బారసాల చేస్తారు. పళ్లెంలో బియ్యం పోసి, కత్తి మొనతోనే పేరు రాసి, ఆ బియ్యమే వండుతారు. మొదటి ముద్ద ఉస్తాద్ తినాలి. ఆయన మింగితేనే పేరు ఖాయం. తర్వాత అందరూ తింటారు, తిన్నవాళ్లంతా సాక్షులు. ఇక ఆ పేరు నిజం చేసి చూపించేదాకా కత్తికి ఒర లేదు. చేతిలోంచి దించకూడదు కూడా.

అందుకే తెలివైనవాళ్లు చిన్న పేర్లు పెట్టుకునేవాళ్లు. ఒకడు 'మెరుపు' అని రాశాడు. పైకెగరేసిన నిమ్మకాయ కిందపడేలోపు రెండు ముక్కలు చేశాడు, ఒరలో పెట్టాడు, ఇంటికి పోయాడు. అంతే. ఇంకొకడు గొప్పకి పోయి 'దోమల యముడు' అని రాసి, మూడు రోజులు పశువుల కొట్టంలో కూర్చున్నాడు.

సుంకన్న 'ఓబులేసు చావు' అని రాశాడు.

ఓబులేసు ఎవరో కాదు, వీడితో పాటే సాము నేర్చుకున్నవాడు. జాతర పందెంలో సుంకన్నని బురదలో పడేసి, ఛాతీ మీద కాలు పెట్టి, "లెయ్‌రా పెళ్లికొడకా" అన్నాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. సుంకన్న వాళ్లమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె ఒక్కతే నవ్వలేదు. దాంతో వాడికి ఇంకా మండింది. వారం తిరక్కుండానే బారసాల పెట్టించుకున్నాడు. కానీ అప్పటికే ఓబులేసు వాళ్లక్క ఊరికి పోయి, అక్కడే పనిలో ఉండిపోయాడు.

ఒర లేకుండా కత్తి మోయడం ఎంత కష్టమో పేరు పెట్టేటప్పుడు ఎవడికీ తెలీదు. వాన పడితే తుప్పు. రోజూ నూనె రాయాలి. మంగలి దగ్గరికి రానివ్వడు. సంతలో అందరూ పక్కకి తప్పుకుంటారు. మొదట్లో అది బాగానే ఉండేది. తర్వాత వంకాయలమ్మే ఆమె కూడా వీణ్ణి చూసి గంప వదిలేసి పోవడం మొదలుపెట్టింది. ఇంట్లో అమ్మ ఒకటే మాట, "నువ్వు రా నాయనా, అది రాకూడదు." దాన్ని వదిలి వీడు పోకూడదు. అందుకని అరుగు మీదే ఒంటి చేత్తో తినేవాడు.

ఒకరోజు ఓబులేసు తిరిగొచ్చాడని తెలిసింది. తెల్లారగానే సుంకన్న బయల్దేరాడు.

ఎండ నెత్తికెక్కే వేళకి తాలింఖానాకి వచ్చి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అప్పుడు ఉస్తాద్ ఒక్కడే కూర్చుని సాము కర్రలకి నూనె రాస్తున్నాడు.

"ఏమిరా, అయిపోయిందా?"

"లేదు ఉస్తాద్."

"దొరకలేదా?"

"దొరికినాడు. చేన్లో ఒక్కడే ఉన్నాడు. వీపు నా వైపే ఉంది."

"మరి?"

సుంకన్న తల దించుకున్నాడు. "వెనక నుంచి ఎందుకులే అని పిలిచినా. తిరిగి చూసినాడు. 'మంచి వేళకి వచ్చినావప్పా సుంకన్నా, ఈ గడ్డిమోపు ఎత్తు' అన్నాడు."

"ఎత్తినావా?"

"ఎత్తినా."

"కత్తి?"

"చంకలో పెట్టుకున్నా."

ఉస్తాద్ నవ్వలేదు. గడ్డం మాత్రం కొంచెం కదిలింది.

"మోపు పట్టుకుని వాడి చేతులు రెండూ పైనే ఉన్నాయి ఉస్తాద్. మెడ ఇట్లా నా ముందరే ఉంది. చెయ్యి లేవలే. 'మీ అమ్మ బాగుందా' అన్నాడు. బాగుందని చెప్పి వచ్చేసినా." కత్తి వైపు చూస్తూ అడిగాడు, "నేను పిరికోణ్ణా?"

ఉస్తాద్ ఇంకో కర్ర అందుకున్నాడు.

"రేపు మీకు సలాం చెప్పడానికి వస్తాడంట. అందరూ ఉంటారు. అందరూ ఆ అన్నం తిన్నోళ్లే. వాళ్ల ముందర వాణ్ణి చంపాల. లేకుంటే ఈ కత్తి విరిచేసి నేను తాలింఖానా వదిలి పోవాల. పన్నెండేళ్లు ఉస్తాద్, నాకు ఇది తప్ప ఏం తెలుసు? రెండిట్లో ఏదీ నా చేత కాదు."

కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాడు. ఆ చేతిలో కత్తి ఉంది. దించేశాడు.

ఉస్తాద్ కర్ర పక్కన పెట్టి లేచాడు. గోడ గూట్లో, దీపం వెనకాల, చిన్న మూకుడు ఒకటి బోర్లించి ఉంది. దాన్ని తీసి, కింద ఉన్నది తెచ్చి సుంకన్న ఎడమ చేతిలో పెట్టాడు.

ఎండిపోయిన అన్నం ముద్ద. రాయిలా అయిపోయింది. దాని మీద వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

"ఏంది ఉస్తాద్ ఇది?"

"నా ముద్ద."

సుంకన్నకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"మీరు తినలేదా?"

"లేదు."

"నేను చూసినా కదా! నోటి దాకా పోయింది!"

"గడ్డం దాకా పోయింది. దీంట్లో మేకపిల్ల దాక్కున్నా మీకెవరికీ కనబడదు."

"అయితే ఆ పేరు..."

"ఏ పేరు?"

సుంకన్న ఎగిరి లేచాడు. ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, ఏది ముందో వాడికే తెలీట్లేదు. "ఆర్నెల్లు ఉస్తాద్! వానలో నానినా, ఎండలో ఎండినా. మా అమ్మ పక్కన కూర్చుని తిని ఆర్నెల్లయింది! ఆ పొద్దే ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయిండేది?"

"ఆ పొద్దు చెప్పింటే ఏం చేసిండేవాడివి?"

సుంకన్న ఏదో అనబోయాడు. ఆ పొద్దయితే నేరుగా పక్క ఊరి తాలింఖానాకి పోయేవాడు. అక్కడా ఒక ఉస్తాద్ ఉన్నాడు, ఆయన ఇంట్లోనూ బియ్యం ఉన్నాయి.

మెల్లగా మళ్లీ కూలబడ్డాడు.

"రేపు అందరూ అడిగితే?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"ముద్ద చూపిస్తా. పో, ఒర తెచ్చుకో."

ఒర కొట్టుగదిలో సాము కర్రల కింద దొరికింది. కత్తి సగం దిగి ఆగిపోయింది. తిరగేసి కొడితే ఎండిన మట్టి రాలింది. లోపల కందిరీగ గూడు పెట్టుకుని పోయినట్టుంది. సుంకన్న దాన్ని ఊది, దులిపి, మళ్లీ తోశాడు.

టక్.

ఆ చప్పుడు విని వాడే ఉలిక్కిపడ్డాడు. కత్తిని గోడకి ఆనించి, దాని పక్కనే కూర్చున్నాడు. ఖాళీ అయిన చేతుల్ని ఏం చేయాలో తెలీక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అరచేతిలో కాయలు కాసిన చోటు గోక్కున్నాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. నవ్వొచ్చింది. ఎందుకో తెలీదు, ఆపుకోలేకపోయాడు.

ఉస్తాద్ మళ్లీ కర్రల దగ్గర కూర్చున్నాడు. "ఇంకా బారసాల బాకీ ఉందిరా నీ కత్తికి. ఈసారి ఏం పేరు పెడదామనుకుంటున్నావు?"

తిరిగి చూస్తే సుంకన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. గురక కూడా మొదలైంది.

పొద్దు వాలాక సాయంత్రం సాముకి వచ్చేవాళ్లు గోల గోలగా గుమ్మం దాకా వచ్చారు. ఉస్తాద్ లేచి వాళ్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ పొద్దు సాము బయట."

వాళ్లలో ఒకడు ఆయన భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు. "సుంకన్నన్నకి ఏమైంది ఉస్తాద్?"

"ఏం కాలేదు" అన్నాడు ఉస్తాద్, మెల్లగా తలుపు దగ్గరికి వేస్తూ.