చేతులాడాలన్న మేనేజరు

గుంటూరు వైపు ఒక మిర్చి కంపెనీకి నరహరిరావు కొత్తగా మేనేజరై వచ్చాడు. మొదటిరోజే కంప్యూటర్ల గదిలోకి తొంగిచూసి తెల్లబోయాడు. ప్రోగ్రాములు రాసే ఖాసింబీ, ఆమెతో పనిచేసే ఇద్దరూ తీరిగ్గా పులి-మేక ఆడుకుంటున్నారు. పక్కన బిల్లులు వాటంతటవే అచ్చయి బయటికొస్తున్నాయి.

"రేపటినుంచి ఈ గదిలో ఖాళీ చేతులు కనబడితే ఆ మనిషికి ఉద్యోగం ఉండదు," అన్నాడు.

"బిల్లుల పని మిషనుకు నేర్పిపెట్టామండి. అది చేస్తుంటే ఇక మాకేం మిగులుతుంది?" అంది ఖాసింబీ.

"అదంతా నాకనవసరం. చేతులు ఆడుతుండాలి."

"అలాగేనండి," అని ఆమె ఆ ప్రోగ్రాములన్నీ ఆపేసింది.

మర్నాడు ముగ్గురూ తలెత్తకుండా ఒక్కో బిల్లూ చేత్తో టైపు కొడుతుంటే నరహరిరావు మనసు నిండిపోయింది. మధ్యాహ్నానికల్లా సరుకెత్తిన లారీలు బిల్లుల్లేక గేటు దగ్గర బారులు తీరాయి. యజమాని ఫోను చేసి కేకలేశాడు. నరహరిరావుకు ఏమీ అంతుపట్టలేదు. నిన్న ఎవరూ పని చెయ్యకపోయినా పని అయిపోయింది. ఇవాళ అందరూ చేస్తున్నా కదలడం లేదు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు.

"మీరు చేతులు ఆడాలన్నారు, ఆడుతున్నాయి. లారీలు కదలాలంటే మిషనుకే అప్పగిస్తాను. కానీ అప్పుడు మా ఉద్యోగాలు పోతాయి కదండీ," అంది ఖాసింబీ, కొట్టడం ఆపకుండానే.

బయట హారన్లు మోగుతున్నాయి. నరహరిరావు నుదురు తుడుచుకుని, తన సర్వీసులో ఎన్నడూ ఇవ్వని ఆర్డరు ఇచ్చాడు.

"ఖాళీగా కూర్చోండమ్మా. ముగ్గురూ, ఇప్పుడే."