నిచ్చెన తీసెయ్యమన్న పెద్దమనిషి

గిరిపురం రాజుగారు సంత మధ్యలో ఎత్తయిన మంచె కట్టించి, దానెక్కి ఎవరేం చెప్పినా గౌరవిస్తానని చాటింపు వేయించారు. ఎక్కేవాళ్లకు నిచ్చెన పట్టుకునే పని మేదర పోలమ్మది. ఆ రోజు తనూ ఎక్కాలనుకుంది. పెత్తందారు కోదండయ్య వెదురు తోపుకి కంచె వేసి మేదరోళ్ల నోటికాడ కూడు లాగేశాడు మరి!

సంగతి పసిగట్టిన కోదండయ్య ఆయాసపడుతూ ముందే ఎక్కేశాడు. "ప్రభూ! బుట్టలల్లేవాళ్లూ చేపలమ్మేవాళ్లూ ఈ మంచె ఎక్కడం నాకు గిట్టదు. నిచ్చెన తీయించెయ్యండి. ఇదీ ఒక అభిప్రాయమే. గౌరవించకపోతే మీరు మాట తప్పినట్టే!"

మంచె ఎదురుగా గద్దె మీద కూర్చున్న రాజుగారు ఇరుకున పడ్డారు. కాదంటే మాట పోతుంది, ఔనంటే మంచె కట్టించిందే దండగవుతుంది.

"అయ్యగారి మాట కాదనడమెందుకు దొరా?" అంటూ పోలమ్మ నిచ్చెన తీసి భుజానేసుకుని నడిచింది.

సంతంతా గొల్లున నవ్వింది. "ఒసేయ్, మరి నేను దిగొద్దా?" అని కోదండయ్య లబలబలాడాడు.

"మేం ఎక్కేదీ తమరు దిగేదీ ఈ ఒక్క నిచ్చెన మీదే కదయ్యా. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

పైన ఎండ మాడ్చేస్తోంది. "ఉంచు తల్లీ, ఉంచు!"

అతను దిగాక రాజుగారు అడిగారు. "ఇలాంటివాళ్లని ఇక ఎక్కనివ్వొద్దంటావా?"

"ఎక్కనివ్వండి దొరా, నోరు నొప్పెట్టేదాకా వాగనివ్వండి. నిచ్చెన జోలికి మాత్రం రానివ్వకండి."

తీరా పోలమ్మ ఎక్కబోతే నిచ్చెన పట్టుకునే మనిషి లేడు. రాజుగారే గద్దె దిగొచ్చి పట్టుకున్నారు.