ఏడింటి తర్వాత మౌనం

పానకాలరావుకి తల ప్రాణం తోకకొచ్చింది. పగలంతా స్టేషన్లో టికెట్ల కౌంటరు పనితో సగం వచ్చింది. మిగతా సగం ఇంటి ఫోను వల్ల. రేవుస్వామి దగ్గరికి మోసుకొచ్చిన మొర మాత్రం ఫోను గురించే.

"స్వామీ, ఆ ఫోను నా సాధన మొత్తం చెడగొడుతోంది," అన్నాడు, చెప్పులు విడిచీ విడవకముందే.

రేవుస్వామి అంటే కాషాయాలూ జడలూ ఊహించుకునేరు, అవేం లేవు. పంచె, భుజాన తువ్వాలు, అంతే. పెనుమూడి రేవు పక్కన రెండు తాటాకు గదుల్లో ఉంటాడు గనక జనం అలా పిలుచుకున్నారు. ఆ సాయంత్రం ఆయన చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. పానకాలరావుని కూర్చోమని సైగచేసి, ఒక ముద్ద చింతపండు అతని ముందుకి తోశాడు.

పానకాలరావు గింజలు తీస్తూ తన కష్టం చెప్పుకున్నాడు. చెప్పుకున్నాడంటే, ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. అసలు అతనిది మొదట్నుంచీ పెద్ద నోరు. ఆరు నెలల కిందట ఇలాగే ఒకరోజు సత్సంగంలో ఎవరినీ నోరెత్తనివ్వకుండా మాట్లాడుతుంటే, "మాట కాస్త తగ్గించు నాయనా," అన్నాడు స్వామి. ఆ ఒక్క మాటా పట్టుకుని మనవాడు మౌనవ్రతం మొదలుపెట్టాడు.

మరి ఎక్కడ తగ్గించాలి? కౌంటర్లో తగ్గిస్తే ఉద్యోగం ఊడుతుంది. టీకొట్టు దగ్గర తగ్గిస్తే స్నేహితులు ఊరుకోరు. ఎక్కడ తగ్గిస్తే అడిగేవాళ్ళు లేరో అక్కడ తగ్గించాడు మహానుభావుడు. సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మర్నాడు డ్యూటీకి బయల్దేరేదాకా మౌనం. ఏదన్నా కావలిస్తే పలక మీద రాసి భార్యకి చూపించేవాడు. 'మజ్జిగ.' 'దుప్పటి.' 'ఫ్యాను ఆపు.'

"అంత నిష్ఠగా కూర్చుంటానా స్వామీ, అప్పుడు మోగుతుంది! లోను కావాలా అని ఒకరు, ఇన్సూరెన్సని ఒకరు, నీళ్ళ ఫిల్టరని ఒకరు, ఎక్కడో పొలాల్లో ప్లాట్లు వేశాం చూసుకోండని ఒకరు. చెవిలో జోరీగ నయం. ఇలాంటి ఫోన్లు వద్దని రిజిస్టరు చేయించాను. రెండు వారాలు తగ్గినట్టే తగ్గి, మళ్ళీ కొత్త నంబర్లతో మొదలెట్టారు. ఒకసారి ఓర్చుకోలేక మౌనం పక్కనపెట్టి ఒకడిని నానా మాటలూ అన్నాను. వాడు అంతా విని, 'మీ అమూల్యమైన సమయానికి ధన్యవాదాలు సార్' అన్నాడు. మర్నాడు ఇంకో ఇద్దరు ఎక్కువ చేశారు."

స్వామి నవ్వలేదు. ఒక గింజ తీసి పక్కన పెట్టాడు.

"ఇక లాభం లేదని లైను పీకించేస్తున్నాను. రేపు పొద్దున లైన్‌మన్ వస్తానన్నాడు. దానికి మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నేను ఒకటంటే ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. అలాంటిది ఫోను తీసేద్దామని పలక మీద రాస్తే, కొంగుతో తుడిచేసి 'వద్దండీ' అంది. మన అమ్మాయి నా సెల్లుకే చేస్తుంది కదా అని రాశాను. దాన్నీ తుడిచేసింది. ఎందుకొద్దో చెప్పదు. మొండికేసింది."

"ఫోను ఎవరు తీస్తారు?"

"నాంచారమ్మే. నేను మౌనంలో ఉంటాను కదా స్వామీ."

"తీసి ఏం చెబుతుంది?"

పానకాలరావు ఆగాడు. ఫోను వంటింటి గుమ్మం పక్కన గోడకుంటుంది. మోగగానే నాంచారమ్మ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుతుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో గొణుగుతుంది. అంతవరకే అతనికి తెలుసు.

"వద్దనే చెబుతుంది కాబోలు."

"కాబోలా?"

పానకాలరావు తల వంచుకుని ఇంకో గింజ తీశాడు.

స్వామి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని, గూట్లోంచి తన ఫోను తీశాడు. పాత బటన్ల ఫోను, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"మీ ఇంటికి చెయ్యి."

"చేసి ఏమనమంటారు?"

"ఏమీ అనకు. నీకు బాగా వచ్చిన విద్యే కదా."

పానకాలరావుకి అది కాస్త చురుక్కుమంది. అయినా గురువు మాట. నంబరు నొక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. రెండోసారి మోగేలోపే అవతల ఎత్తారు.

"హలో."

అతను మాట్లాడలేదు.

"హలో, ఎవరండీ?" మళ్ళీ ఆ గొంతే, కానీ ఒక్కసారిగా మెత్తబడింది. "ఓ, నువ్వా హారికా? ఆగుతాలే, కంగారు పడకు. మీ కంపెనీ ఫోన్లన్నీ ఇంతేగా, ముందు కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు, తర్వాత మనిషొస్తుంది. నాకు అలవాటే."

పానకాలరావు చింతపండు అంటిన వేళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ గొంతు అతనికి తెలుసు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఈ గొంతుతోనే స్టేషన్ కబుర్లు అడిగేది. ఏ బండి ఎంత లేటయింది, ఎవరు ఎవరితో పోట్లాడారు, అన్నీ కావాలి తనకి. అది ఎప్పుడు ఆగిపోయిందో అతనికి గుర్తులేదు.

"అన్నం తిన్నావా? మొన్న జలుబన్నావు, మిరియాలు వేసి కషాయం పెట్టుకోమన్నాను. పెట్టుకున్నావా? హాస్టల్లో ఎవరు పెట్టనిస్తార్లే. పోనీ వేణ్ణీళ్ళన్నా తాగు. పొద్దస్తమానం ఫోన్లో మాట్లాడే గొంతు."

అవతల ఏదో గిన్నె పక్కకి జరిపిన చప్పుడు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంటుంది.

"నా సంగతా? ఏముందమ్మా. నిన్న మా ఆయన పలక మీద 'ఉప్పు' అని రాశారు. అంతే. ఎక్కువైందో, తక్కువైందో రాయలేదు. అడిగితే కళ్ళు మూసేసుకున్నారు. సరేలే, ఆయన దీక్ష ఆయనది. నాకే నిద్ర పట్టలేదు. ఇంత వయసొచ్చి, ఉప్పు గురించి ఏడుపేమిటి చెప్పు? నవ్వొస్తే నవ్వుకోవే, నేనేం అనుకోను. ఈ ఇంట్లో ఎవరో ఒకరు నవ్విన చప్పుడు వినపడితే చాలు."

ఆవిడ ఆగింది. జవాబు కోసం చూసింది. పానకాలరావు నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. కౌంటర్లో ఎంతమంది మీద పడ్డా తడుముకోని నోరు అది.

"వింటున్నావా? మాట్లాడమ్మా. పోనీ, ఏదో ఒకటి అమ్ము. ఆ లోను సంగతన్నా చెప్పు, మొదట్నుంచీ చెప్పు, వింటాను."

కృష్ణ మీంచి గాలి వచ్చి తాటాకుల్ని కదిపింది. స్వామి తలెత్తలేదు. గింజలు తీస్తూనే ఉన్నాడు.

"వినపడట్లేదేమో నీకు. సరే, ఒక్క మాట చెప్పి పెట్టేస్తాను. రేపట్నుంచి ఈ నంబరు ఉండదు. తీయించేస్తున్నారు. చెప్పా పెట్టకుండా పోయిందని అనుకుంటావని చెబుతున్నాను. ఆయన్ని తప్పు పట్టకు, పాపం పొద్దంతా జనంతో వేగి వేగి వస్తారు, చప్పుడు పడదు. నువ్వు వేళకి తిను తల్లీ. ఉంటాను, ఆయనొచ్చే వేళయింది."

ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ తర్వాత కూడా పానకాలరావు చాలాసేపు దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

"మాట్లాడావా?" అన్నాడు స్వామి.

"లేదు స్వామీ."

"మరి నాంచారమ్మ?"

"మాట్లాడింది."

స్వామి అతని చేతిలోంచి ఫోను తీసుకుని రబ్బరు బ్యాండు సరిచేసి గూట్లో పెట్టాడు. గింజలు తీసిన చింతపండు కొంత ఆకులో పొట్లం కట్టి అతని ఒళ్ళో పెట్టాడు.

"ఏడు కాకముందే ఇల్లు చేరు," అన్నాడు.

దారిలో పానకాలరావు సైకిలు ఆపి లైన్‌మన్‌కి ఫోన్ చేశాడు. రేపు రానక్కర్లేదన్నాడు. ఎందుకని అవతలివాడు అడిగితే, ఎప్పుడూ లేనిది, అతనికి వివరం చెప్పబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చేసరికి నాంచారమ్మ పీట వేసి ఉంచింది. కంచం పక్కన మంచినీళ్ళు, దాని పక్కన పలక, సుద్దముక్క. రోజూ ఉండే వరసే. అతను కాళ్ళు కడుక్కొచ్చి, చింతపండు పొట్లం ఆవిడ చేతికిచ్చి కూర్చున్నాడు. ఆవిడ పొట్లం ఏమిటని అడగలేదు. అడిగే అలవాటు పోయింది. పప్పు వడ్డించి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

అతను ఒక ముద్ద తిన్నాడు. పలక తీసి పీట కిందికి తోసేశాడు.

"నిన్న ఉప్పు తక్కువైందని రాశాను," అన్నాడు.

నాంచారమ్మ ఉలిక్కిపడింది. ఎవరో మూడో మనిషి మాట్లాడినట్టు గది అంతా చూసింది.

"ఏమిటండీ?"

"ఉప్పు. తక్కువైందని."

"తక్కువా?" ఆవిడ చెయ్యి నోటిమీదికి వెళ్ళింది. "అయ్యో రాత! నేను ఎక్కువైందేమో అనుకుని ఇవాళ ఇంకా తగ్గించేశానే!"

"తెలుస్తూనే ఉంది. గడ్డిలా ఉంది."

అంతే, ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళొత్తుకుని, ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. మౌనం భంగమైపోయిందే, ఇప్పుడెలా అనబోయి, ఎందుకో ఊరుకుంది.

అప్పుడే గోడమీద ఫోను మోగింది.

నాంచారమ్మ నవ్వు ఆగిపోయింది. తప్పు చేసి దొరికిపోయినట్టు ఫోను వంక చూసింది, మొగుడి వంక చూసింది, కదల్లేదు.

"తియ్యి," అన్నాడు పానకాలరావు, కంచంలో ఉప్పు కలుపుకుంటూ. "హారికేమో. జలుబు తగ్గిందో లేదో కనుక్కో."

ఆవిడ తియ్యలేదు. మెల్లిగా వచ్చి అతని ఎదురుగా నేలమీద కూర్చుంది. అతని మొహంలోకే చూస్తూ ఉంది.

"ఆ మాట్లాడనిది... మీరా?"

"నేనే నాంచారూ."

ఫోను మోగుతూనే ఉంది. కాసేపటికి అదే ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు.