ముప్పై రెండో కుస్తీ

చింతలకోన అడవిలో గోదా మూతపడి ఐదేళ్లయింది. ఎర్రమట్టి ఎండి బండలా బిగిసిపోయింది. అయినా ఉడుత చారమ్మ రోజూ పక్కనున్న ఇప్పచెట్టెక్కి, బెరడు మీది తన గోటిగీతలు తడిమి చూసుకునేది. ఎలుగు బండన్న గెలిస్తే ఎడమన గీత, దున్న కాలయ్య గెలిస్తే కుడిన గీత. మొత్తం ముప్పై ఒకటి. ఆవిడ ఒక్క కుస్తీ మానలేదు. ఏడోదైతే పురిటినొప్పులతో చూసింది.

ఆ పాత పగవాళ్లిద్దరూ రేపు మధ్యాహ్నం మళ్లీ తలపడుతున్నారని కాకి చాటేసరికి చారమ్మ తోక నిలవలేదు. తెల్లారకముందే వచ్చి కొమ్మ మీద చోటు పట్టేసింది.

పొద్దెక్కాక చెట్టు కింద మాటలు వినిపించాయి. నక్క బుచ్చిలింగం మల్లులిద్దర్నీ నిలదీస్తున్నాడు.

"నిన్న పొదచాటున అంతా విన్నాను. 'ఈసారి నా వంతు, నువ్వు పడు' అన్నాడుగా కాలయ్య? అంటే ఇన్నేళ్లూ ఉత్తుత్తి కుస్తీలేనన్నమాట!"

బండన్న చుట్టూ చూశాడు. "మెల్లగా మాట్లాడు బాబూ."

"నీ తేనెకొండ, వాడి మడుగు నాకు వదిలెయ్యండి. లేదంటే మధ్యాహ్నం అందరి ముందూ కుండ బద్దలు కొడతాను."

నక్క వెళ్లాక బండన్న కళ్లు తుడుచుకున్నాడు. "ఇచ్చేద్దాం రా కాలయ్యా. జై కొట్టిన నోళ్లే ఛీ కొడితే నేను తట్టుకోలేను."

చారమ్మ సర్రున దిగింది. "ఆగన్నా! ఈ గీతలు చూడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి... ముప్పై ఒక్కసార్లూ వంతు తప్పలేదు. నిజం పోట్లాట ఇంత పద్ధతిగా ఉంటుందా? నాకు నాలుగోదానికే అనుమానమొచ్చింది, ఆరోదానికి తేలిపోయింది."

"తెలిసీ వచ్చావా చెల్లీ?"

"పెళ్లికెళ్లేది తలంబ్రాల్లో ఎవరు గెలుస్తారోననా? ఆ పోసుకునే సంబరం చూడ్డానికి! నువ్వు నేల దద్దరిల్లేలా పడతావే, ఆ పడటం ఈ అడవిలో ఇంకెవడికొచ్చు?"

"మరి మిగతావాళ్లకి?" అన్నాడు కాలయ్య.

చారమ్మ దగ్గర ఆ లెక్క లేదు. "నక్కనే చాటనిద్దాం, ఎవరికి తెలుసో తేలిపోతుంది," అంది ధైర్యం తెచ్చుకుని.

మధ్యాహ్నానికి అడవంతా చేరింది. బుచ్చిలింగం గోదాలోకి దూకాడు.

"వెర్రిబాగులాళ్లారా! వీళ్ల పగ ఉత్తది! ఇద్దరూ ఒకే తేనెపట్టు నాకుతారు!"

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. చారమ్మ కొమ్మను గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ముసలి తాబేలు మెడ చాచాడు. "ఇంకేమైనా కొత్త కబురుందా నాయనా?"

గొల్లుమన్నారంతా. నక్క మొహం ఎర్రబడింది. "బొంకకండి! మీలో ఒక్కరికి ముందే తెలిసున్నా ఈ గోదా మొత్తం నా గోళ్లతో తవ్వుతాను!"

"అయితే చెప్పండర్రా," అని అరిచింది చారమ్మ, "ఇవాళ వంతెవరిది?"

"కాలయ్యది!" అడవంతా ఒక్క గొంతై పలికింది.

ఇంకేముంది, బుచ్చిలింగం తవ్వాడు. ఎవరు తవ్విన గోతిలో వారే పడతారంటారు. ఇక్కడ మాత్రం నక్క తవ్విన మట్టిలో మల్లులు హాయిగా పడ్డారు.

తమాషా ఏమిటంటే, బండన్న పడబోయే వేళకు కాలయ్యకి నవ్వాగలేదు. కాలు జారి తనే వెల్లకిలా పడ్డాడు. ఏం చెయ్యాలో తోచక బండన్న అతని పొట్టమీద కూర్చుండిపోయాడు. అడవి ఈలలతో హోరెత్తింది.

చారమ్మ ఎడమన గీత గీసింది. మొదటిసారి పక్కపక్కన రెండు ఎడమగీతలు!

"ముప్పై రెండింటిలో ఇదొక్కటే నిజం కుస్తీరోయ్!" అని కొమ్మ మీద గంతులేసింది. గోళ్లరిగిన నక్క గట్టున కూర్చుని పాదాలు ఊదుకుంటున్నాడు.

నీతి: ఊరంతా ఎరిగిన గుట్టుతో ఎవరినీ బెదిరించలేం.